సింహానికి భయం వెయ్యదా నాన్నా?

ఈ వారం ఉత్తరం ఒక తండ్రిది. నాలుగు పేజీలు చేత్తో రాసి పంపారు. పేరు వద్దన్నారు.

ఆయన కొడుక్కి తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. ఇంట్లో గలగలా మాట్లాడతాడు, బడిలో మాత్రం అవసరమైతే తప్ప నోరు విప్పడు. చీకటంటే భయం. కుక్క మొరిగితే తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంటాడు. స్కూలు బస్సులో ఒక పెద్ద పిల్లాడు వాడి పెన్సిల్ బాక్సు లాక్కుని అందులోవి తీసుకుంటున్నా ఎవరికీ చెప్పలేదు. ఖాళీ పెట్టె చూసి తల్లి గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు బయటపడింది.

వీడికి ధైర్యం నూరిపోయాలి అనుకున్నారు తండ్రి. ధైర్యం మీద పిల్లల పుస్తకాలు కనిపించినప్పుడల్లా కొన్నారు. ఏడాదిలో పదకొండు పుస్తకాలయ్యాయి. ఎనిమిదింటి అట్ట మీద సింహమే. రోజూ పడుకునే ముందు ఒక కథ. మంచం ఎదురుగా గోడ మీద గర్జిస్తున్న సింహం బొమ్మ. కొడుకుని పేరు పెట్టి పిలవడం మానేసి "ఏరా సింహం" అని పిలవడం మొదలుపెట్టారు. కథ అయ్యాక "సింహం ఎలా ఉంటుంది?" అని అడగడం, "ఎవరికీ భయపడదు" అని వాడు చెప్పడం. అది రోజూ ఉండేదే.

రెండు నెలల కింద క్లాసులో పిల్లలంతా ఒక్కొక్కరే లేచి పాఠం చదవాల్సి వచ్చింది. వీడి వంతు వచ్చింది. మూడు వాక్యాలు చదివేసరికి గొంతు పూడుకుపోయింది. బస్సు ఎక్కించేటప్పుడు తండ్రి పిలిచే పేరు పిల్లలందరికీ తెలుసు. వెనక నుంచి ఎవరో "సింహం మ్యావ్ అంది" అన్నారు. క్లాసంతా నవ్వింది.

అప్పటి నుంచి పుస్తకం తీస్తే చాలు పిల్లాడు చెవులు మూసుకుంటున్నాడు. ఒక రాత్రి మాత్రం తనే అడిగాడట: "సింహానికి భయం వెయ్యదా నాన్నా?" తండ్రి చెప్పింది: "వెయ్యదు. అందుకే అది సింహం." పిల్లాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. పోయిన వారం అల్మారా సర్దుతూ తండ్రి ఒక పుస్తకం తెరిచి చూస్తే, లోపల ప్రతి సింహం నోటి మీదా పెన్సిల్‌తో అడ్డగీతలున్నాయి. కోపంగా గీకినవి కావు, కుట్లు వేసినట్టు వరసగా, శ్రద్ధగా గీసినవి. మిగతావి తీసి చూశారు. ఎనిమిది పుస్తకాల్లోనూ అంతే.

భార్య ఆ పుస్తకాలన్నీ ఎవరికైనా ఇచ్చెయ్యమంటోంది. పిల్లాడి తాతగారు, "మగపిల్లాణ్ణి ఇలా సున్నితంగా పెంచితే రేపు ఎందుకూ పనికిరాడు" అంటున్నారు. "పుస్తకాలు తీసెయ్యాలా? నేను వాడికి మేలు చేశానా, కీడు చేశానా? ఇలాగే వదిలేస్తే జన్మంతా పిరికివాడిగా మిగిలిపోడు కదా?" అని తండ్రి అడుగుతున్నారు. నాలుగో పేజీ మార్జిన్‌లో, చోటు చాలక నిలువుగా తిప్పి రాసిన మాటలు ఇవి: "చిన్నప్పుడు మా నాన్న నన్ను పిరికి సన్నాసి అనేవారు. ఇప్పటికీ ఆఫీసు మీటింగులో లేచి మాట్లాడాలంటే నా చేతులు వణుకుతాయి. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు."

జవాబు:

ఆ మార్జిన్‌లో రాసింది చదివాక మీ ఉత్తరం మళ్ళీ మొదటి నుంచి చదివాను. దాని దగ్గరికి వస్తాను. ముందు మిమ్మల్ని నిద్రపోనివ్వని ప్రశ్న చూద్దాం.

కీడు చేశానా అని అడిగారు. ఏడాది పాటు ప్రతి రాత్రీ పక్కన పడుకుని కథ చదివి వినిపించిన నాన్న మీ అబ్బాయికి ఉన్నాడు. అది ఎక్కడికీ పోలేదు. ఆ అలవాటు లేకపోతే వాడు అంత మంచి ప్రశ్న మిమ్మల్ని అడిగేవాడే కాదు. దెబ్బ తగిలింది మీ జవాబు దగ్గర. సింహానికి భయం వెయ్యదని మీరన్నారు. వాడికి రోజూ భయం వేస్తోంది. బస్సులో వేస్తోంది, క్లాసులో వేస్తోంది, లైటు తీసేస్తే వేస్తోంది. అంటే నాన్న రోజుకు పదిసార్లు పిలిచే ఆ పేరు తనది కాదని ఆ రాత్రి వాడికి ఖాయమైపోయింది. క్లాసు పిల్లలు నవ్వినప్పుడు అనుమానం ఉండి ఉంటుంది. మీరు చెప్పాక అనుమానం తీరిపోయింది.

ఇందులో మీ ప్రేమకు లోటేమీ లేదు, మీరు వాడి చేతిలో పెట్టిన సింహానికే ఒక ముఖ్యమైన భాగం తక్కువైంది.

మీ అబ్బాయి అడిగింది చిన్న ప్రశ్న అనుకోకండి. గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన 'లాకెస్' అనే సంభాషణ ఉంది. 2,300 ఏళ్ళు దాటింది. అది మొదలయ్యేదే ఇద్దరు తండ్రులతో. కొడుకులకి ఆయుధాలతో పోరాడడం నేర్పించాలా వద్దా అని సలహా అడగడానికి వస్తారు వాళ్ళు. మా నాన్నలు గొప్పవాళ్ళు, వాళ్ళ గురించి పిల్లలకి ఎంతైనా చెప్పగలం, మా గురించి చెప్పుకోవడానికి మాత్రం మా దగ్గర ఏమీ లేదు, అందుకు సిగ్గుపడుతున్నాం అని దాచకుండా ఒప్పుకుంటారు. అది చదువుతుంటే మీరే గుర్తొచ్చారు. అక్కడి నుంచి మాట అసలు ధైర్యం అంటే ఏమిటి అనే దాని మీదికి మళ్ళుతుంది. నికియాస్ అనే సేనాపతి ఒక మాట అంటాడు: ఏది ప్రమాదమో తెలియక భయపడని జంతువుల్ని నేను ధైర్యం గలవి అనను, ఏమీ తెలియని పసిపిల్లలు దేనికీ భయపడరు, అంతమాత్రాన వాళ్ళని ధైర్యవంతులంటామా? భయం లేకపోవడం వేరు, ధైర్యం వేరు అని ఆయన వాదన. సోక్రటీస్ కూడా ఉన్న ఆ చర్చ ధైర్యం అంటే ఇదీ అని తేలకుండానే ముగుస్తుంది. అంతటి వాళ్ళని తిప్పలు పెట్టిన ప్రశ్నని మీ వాడు నిద్రకళ్ళతో అడిగాడు.

మన దగ్గరే ఉన్న సింహం కథ ఒకటి మీకు గుర్తు చేస్తాను. పంచతంత్రంలో మిత్రభేదం. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికగా 1853లో తెలుగు చేశాక తరతరాలుగా మనం బళ్ళో చదువుకున్నదే. పింగళకుడనే సింహం అడవికి రాజు. దాహమేసి నీళ్ళ దగ్గరికి వెళుతుంది. ఎన్నడూ వినని రంకె ఒకటి వినిపిస్తుంది. దారిలో ఒక వర్తకుడు వదిలేసి వెళ్ళిన ఎద్దు అది, సంజీవకుడు. సింహానికి ఆ సంగతి తెలియదు. గుండె ఝల్లుమంటుంది. నీళ్ళు తాగకుండానే వెనక్కి వచ్చి, ఏమీ జరగనట్టు కూర్చుంటుంది. దాహం అలాగే ఉంది. తన చుట్టూ ఎంత పరివారం ఉన్నా ఆ చప్పుడు ఏమిటని ఒక్కరిని కూడా అడగదు. రాజు కదా, ఎలా అడుగుతుంది? దూరం నుంచి దమనకుడనే నక్క ఇది కనిపెడుతుంది. రాజుకి భయం పట్టుకుంది, ఇదే సందు అనుకుని కొలువులోకి దూరుతుంది. ఆ తరువాత జరిగిన స్నేహం, అనుమానం, చివరికి ఎద్దు చావు, అన్నిటికీ బీజం అక్కడే పడింది. మనకి నీతి చెప్పేటప్పుడు చెడ్డ నక్క గురించి చెప్తారు గానీ, నాకెప్పుడూ ఆ తాగని నీళ్ళే గుర్తుంటాయి. ఆ చప్పుడేమిటి అని ఒక్కమాట అడిగి ఉంటే ఎద్దు మహారాజా అని ఎవరో ఒకరు చెప్పేవారు.

మీరు మార్జిన్‌లో రాసిందీ అదే. మీటింగు గదిలో మీ చేతులు వణుకుతాయి, ఇంటికొచ్చి ఏమీ జరగనట్టు కూర్చుంటారు. ఇలాంటిదాన్ని మన భాషలో మేకపోతు గాంభీర్యం అంటారు. మిమ్మల్ని వెక్కిరించడానికి అనడం లేదు. ఆ కథలో మేకపోతు సింహం గుహలో చిక్కుకుని ప్రాణం దక్కించుకోవడానికి ఆ వేషం వేసింది, దానికి వేరే దారి లేదు. "పిరికి సన్నాసి" అన్న మాట వింటూ పెరిగిన పిల్లాడికీ వేరే దారి ఉండదు. ఇన్నేళ్ళు అలాగే నెట్టుకొచ్చారు, ఉద్యోగం చేస్తున్నారు, ఇల్లు నడుపుతున్నారు. కానీ ఆ పదకొండు పుస్తకాల్లో కొన్నయినా చిన్నప్పటి మీ కోసం కొన్నారని నాకనిపిస్తోంది. అందులో తప్పు లేదు. అయితే ఆ బరువు తొమ్మిదేళ్ళ భుజాల మీద పడుతోంది.

ఇప్పుడు అసలు సింహాల సంగతి. కథల్లోవి కావు, ఆఫ్రికా గడ్డిమైదానాల్లో తిరిగేవి. మీ వాడికి ఇది చెప్పి తీరాలి. టాంజానియాలో పరిశోధకులు ఆడసింహాలకి, కొత్త సింహాల గర్జనల్ని స్పీకరులో వినిపించి చూశారు. ఒక్క గొంతు వినిపిస్తే దగ్గరికి వెళ్ళడానికి సిద్ధపడ్డవి, మూడు గొంతులు వినిపించేసరికి తాము ఎంతమంది ఉన్నామో చూసుకుని ఆచితూచి అడుగేశాయి. 1994లో కారెన్ మెకాంబ్, ఆమె తోటి పరిశోధకులు ప్రచురించిన పని అది. మరుసటి ఏడాది రాబర్ట్ హైన్‌సన్, క్రెయిగ్ ప్యాకర్ ఇంకో సంగతి బయటపెట్టారు. ఒకే గుంపులో కొన్ని ఆడసింహాలు ఎప్పుడూ ముందు నడుస్తాయి. కొన్ని ఎప్పుడూ వెనకబడతాయి. ఇంకొన్ని బాగా అవసరమైనప్పుడు మాత్రమే ముందుకొస్తాయి. ముందు నడిచేవి ఆగి, వెనక వచ్చేవాటిని తిరిగి చూస్తాయి. వెనకబడ్డవాటిని అవి శిక్షించడం పరిశోధకులకి కనబడలేదు. గుంపు గుంపుగానే ఉంటుంది.

సింహావలోకనం అనే మాట మనకి ఎప్పటి నుంచో ఉంది. నడుస్తూ నడుస్తూ సింహం ఆగి వెనక్కి చూస్తుందని మన పెద్దవాళ్ళు గమనించారు.

భర్తృహరి శ్లోకం ఒకటి తరచుగా వినిపిస్తుంటుంది, సింహం పిల్ల అయినా మదపుటేనుగు మీదికి దూకుతుందని, పరాక్రమానికి వయసుతో పనిలేదని. కవిత్వంగా గొప్పది. ఎవరైనా మీ ఇంట్లో దాన్ని మీ అబ్బాయికి కొలతగా వాడితే మాత్రం ఇది చెప్పండి: నిజం సింహం పిల్లల్ని తల్లి మొదటి కొన్ని వారాలు పొదల్లో దాచిపెడుతుంది, గుంపుకి కూడా చూపించదు. వేట చేతనవ్వడానికి వాటికి రెండేళ్ళ దాకా పడుతుంది. పెద్దయ్యాక కూడా అవి వెళ్ళిన వేటల్లో ఎక్కువ భాగం విఫలమవుతాయి.

ఇక ఏం చెయ్యాలి అన్నది. మీ ముందు దారులు మూడు నాలుగున్నాయి, వేటి ఫలితం వాటికుంది.

మీ భార్య చెప్పినట్టు పుస్తకాలన్నీ తీసెయ్యవచ్చు. పిల్లాడికి వెంటనే ఊపిరి ఆడుతుంది, అది నిజం. ఆమె వాడి పక్షాన నిలబడి అడుగుతోంది కాబట్టి ఆ మాటని తోసిపుచ్చకండి. అయితే రాత్రికి రాత్రి అల్మారా ఖాళీ అయిపోతే వాడు దాన్ని ఇంకోలా చదువుకోవచ్చు. నేను బాగుపడను అని నాన్న తేల్చేసుకున్నాడు అనుకోవచ్చు. కథ చదివే సమయం కూడా వాటితో పాటే పోతే నష్టం ఇంకా పెద్దది.

ఇప్పటిలాగే కొనసాగించవచ్చు, వాడే అలవాటు పడతాడని. దీన్ని నేను సమర్థించలేను. చెవులు మూసుకున్న పిల్లాడికి చదివి వినిపిస్తే వాడు నేర్చుకునేది ఒక్కటే, నాన్న దగ్గర కూడా భయాన్ని దాచాలని. బస్సులో సంగతి దాచినట్టే రేపు ఇంకా పెద్ద సంగతి దాస్తాడు.

నేనైతే మధ్యదారి పడతాను. పుస్తకాలు అక్కడే ఉంటాయి, ఏది చదవాలో, చదవాలో వద్దో వాడు చెప్తాడు. గోడ మీద బొమ్మ ఉంచాలా తీసేయాలా అని వాణ్ణే అడగండి. తీసేద్దామంటే వాడి చేతే తీయించండి, మీరు నొచ్చుకున్నట్టు కనిపించకండి. "సింహం" అన్న పిలుపు మాత్రం ఇవాళే ఆపెయ్యాలి. ఇందులో రెండో ఆలోచన వద్దు. ఆ పేరుతో వాణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేశారు, అది ఇప్పుడు వాడికి గాయం. వాడి పేరుతో వాణ్ణి పిలవండి. మొదటిరోజు వాడు తలెత్తి చూస్తాడు. ఏమీ వివరించకుండా "నీ పేరు నాకు చాలా ఇష్టం, అందుకే పిలుస్తున్నా" అంటే సరిపోతుంది.

ఈ దారిలో కష్టం ఏమిటంటే ఫలితం త్వరగా కనిపించదు. రెండు నెలలు వాడు అసలు పుస్తకమే ముట్టుకోకపోవచ్చు. మీ నాన్నగారు రోజూ ఏదో ఒకటి అంటారు. మీకు చెయ్యి ఊరుకోదు. తట్టుకోవాలి.

ఇందులోనే అన్నిటికంటే కష్టమైన పని ఒకటుంది. మీటింగు సంగతి మీ అబ్బాయికి చెప్పడం. చెప్పకపోయినా కొంప మునగదు, పైవన్నీ చేసినా వాడు కొంత తేలికపడతాడు. కానీ చెప్తే వచ్చేది వేరే దేనితోనూ రాదని నా నమ్మకం. ఎలా చెప్పాలో కూడా ఆలోచించాను. ఎదురుగా కూర్చోబెట్టి ఉపన్యాసంలా వద్దు. లైటు తీసేశాక, పక్కన పడుకుని, పైకప్పు చూస్తూ చెప్పండి. "ఆ రోజు నువ్వు అడిగినదానికి నేను తప్పు చెప్పాను. సింహానికీ భయం వేస్తుంది. నాకూ వేస్తుంది. ఆఫీసులో అందరి ముందు మాట్లాడాలంటే నా చేతులు వణుకుతాయి. కాగితం కనబడకుండా బల్ల మీద ఆనించి పట్టుకుంటాను." అంతే. దాని వెనక నీతి చెప్పకండి. "అయినా నేను మాట్లాడతాను చూడు, నువ్వూ మాట్లాడాలి" అని అతికిస్తే మొత్తం పాడవుతుంది, మళ్ళీ పాఠం అయిపోతుంది. వాడు ప్రశ్నలు వేస్తే జవాబు చెప్పండి. ఏమీ అనకుండా పడుకుంటే పడుకోనివ్వండి. ఆఫీసు రాజకీయాలు, ఉద్యోగం పోతుందేమోనన్న టెన్షన్, ఇలాంటివి కలపకండి. వాడు మొయ్యగలిగినంతే ఇవ్వాలి. చేతులు వణకడం వాడు మొయ్యగలడు, వాడికి బాగా తెలిసిన విషయమే అది.

మీ నాన్నగారి ముందు ఇది చెప్పాలా అంటే, అక్కర్లేదు. అది మీకూ ఆయనకూ మధ్య ఉన్న పాత లెక్క, పిల్లాడి ముందు తేల్చుకునేది కాదు. వాడి గురించి వాడి ఎదురుగా "పనికిరాడు" లాంటి మాటలు అనొద్దని మాత్రం మర్యాదగా, గట్టిగా చెప్పండి. అది చెప్పేటప్పుడు కూడా చేతులు వణకొచ్చు.

మళ్ళీ కథలు చదివే రోజు వచ్చినప్పుడు ఎలాంటివి ఎంచుకోవాలన్నది నాకు ఇష్టమైన ప్రశ్న. పుస్తకం కొనేముందు ఒక పేజీ వెతకండి, కథానాయకుడు భయపడే పేజీ. అది లేని పుస్తకం మీ వాడికి ఇప్పుడు పనికిరాదు. ఎల్. ఫ్రాంక్ బామ్ 1900లో రాసిన ఓజ్ కథలో ఒక సింహం ఉంది. తనకి ధైర్యం లేదని, అడుగుదామని మాంత్రికుడి దగ్గరికి బయల్దేరుతుంది. దారిలో పెద్ద అగాధం అడ్డొస్తుంది. నాకూ పడిపోతానని చాలా భయంగా ఉంది అంటూనే, తోటివాళ్ళని ఒక్కొక్కరినే వీపు మీద ఎక్కించుకుని దూకి దాటిస్తుంది. కథ చివర మాంత్రికుడు ఒక ఆకుపచ్చ సీసాలోంచి ఏదో పోసి తాగిస్తే తనకి ధైర్యం వచ్చిందని సంబరపడుతుంది. అగాధం దాటించింది ఎవరో చదివే పిల్లలకి తెలుసు, దానికే తెలియదు. పిల్లలకి ఇది చాలా ఇష్టంగా ఉంటుంది.

మన దగ్గర ఉత్తరుడున్నాడు. మీరు ముఖం చిట్లిస్తారేమో. ఉత్తర కుమారుడి ప్రగల్భాలు అని వాణ్ణి మనం సామెతలో బంధించేశాం. కానీ విరాటపర్వం మళ్ళీ తీసి చూడండి. గోవుల్ని మళ్ళించుకొస్తానని గొప్పలు చెప్పి బయల్దేరిన కుర్రాడు కౌరవసేనని చూడగానే రథం దూకి పరుగెత్తాడు. బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు వెంటపడి పట్టుకున్నాడు. పట్టుకుని ఏం చేశాడన్నదే ముఖ్యం. ఛీ, పిరికిపందా అని వదిలెయ్యలేదు. వెళ్ళి యుద్ధం చెయ్యమనీ అనలేదు. నువ్వు పగ్గాలు పట్టు, యుద్ధం నేను చేస్తాను అన్నాడు. ముందు జమ్మిచెట్టు దగ్గరికి తీసుకెళ్ళి ఆయుధాలు దింపమన్నాడు. చెట్టు మీద శవం ఉందంటారే అని దానికీ భయపడ్డాడు ఉత్తరుడు. అది శవం కాదని చెప్పి ఎక్కించాడు. ఎక్కాడు, దింపాడు. ఆ తరువాత భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు ఎదురుగా ఉన్న యుద్ధంలో ఆ రథాన్ని నడిపింది ఆ పిల్లాడే. తిక్కన రాసిన "సింగంబాకటితో గుహాంతరమునన్" పద్యం మీకు నోటికి వచ్చే ఉంటుంది, అర్జునుణ్ణి చూసి శత్రువులు చెప్పింది. ఆ పద్యంలోని సింహం ఎక్కిన రథం మీదే, ముందు, పొద్దున భయపడి పారిపోయిన కుర్రాడు పగ్గాలు పట్టుకుని కూర్చున్నాడు. ఆ ఉత్తరుడే తరువాత కురుక్షేత్రంలో మొదటి రోజున శల్యుడికి ఎదురెళ్ళి నేలకొరిగాడు. ఆ రోజు పారిపోలేదు.

మీ అబ్బాయికి ఇప్పుడు కావలసింది అలాంటి పగ్గాలు. చెయ్యగలిగిన పని, భయంతో పాటే చెయ్యగలిగిన పని. క్లాసులో చదవడం సంగతి తీసుకోండి. ఈసప్ కథల్లో ఒక నక్క మొదటిసారి సింహాన్ని చూసి చచ్చేంత భయపడుతుంది, రెండోసారి భయపడుతుంది గానీ అంత కాదు, మూడోసారి దగ్గరికెళ్ళి మాట్లాడుతుంది. పిల్లల భయాలకి చికిత్స చేసేవాళ్ళు ఇవాళ్టికీ పాటించే పద్ధతి ఇంచుమించు ఇదే. భయపడే చోటికి పూర్తిగా వెళ్ళకుండా ఉంటే భయం పెరుగుతుంది, ఒక్కసారిగా తోస్తే ముదురుతుంది, కొంచెం కొంచెంగా దగ్గరైతే తగ్గుతుంది. ముందు వాడు మీకు చదివి వినిపించాలి, వాడికి నచ్చినదే, రెండు వాక్యాలైనా సరే. తరువాత మీరిద్దరూ ఉండగా. తరువాత ఒక స్నేహితుడికి. టీచరుతో మాట్లాడి, క్లాసు ఖాళీగా ఉన్నప్పుడు ఆమె ఒక్కరికే చదివే ఏర్పాటు అడగండి. ఆ తరువాత క్లాసులో, కూర్చునే, రెండు వాక్యాలు. మధ్యలో ఒక మెట్టు దగ్గర వారాల తరబడి ఆగిపోవచ్చు. ఒకరోజు వెనక్కి రావచ్చు. ఏ మెట్టు ఎప్పుడన్నది వాడు చెప్పాలి.

బస్సు విషయం దీంతో కలపకండి. తనకంటే పెద్దవాణ్ణి ఎదిరించలేకపోవడం ధైర్యానికి పరీక్ష అని వాడికి అనిపించనివ్వొద్దు. అనువుగాని చోట అధికులమనరాదు అన్నాడు వేమన, తగ్గి ఉండడం తక్కువేమీ కాదని కూడా అన్నాడు. అది పెద్దవాళ్ళు చూసుకోవాల్సిన పని. రేపే బడికి వెళ్ళి చెప్పండి, బస్సులో ఎవరు గమనిస్తారో అడిగి తెలుసుకోండి. వెళ్ళే ముందు మీ అబ్బాయికి చెప్పండి, వాడికి తెలియకుండా చెయ్యొద్దు. "ఇది నా పని, నువ్వు చెప్పడం మంచిదైంది" అనండి. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడగకండి.

ఇంకొక్క సంగతి. ఇంట్లో మామూలుగా మాట్లాడే పిల్లలు బడిలో దాదాపు ఏమీ మాట్లాడకుండా నెల దాటినా అలాగే ఉంటే, అది సిగ్గు కంటే ఎక్కువైనదై ఉండొచ్చు. వాడు బడిలో ఎంత మాట్లాడుతున్నాడో టీచర్ని సూటిగా అడగండి. అసలు మాట్లాడడం లేదన్నా, నిద్ర, తిండి దెబ్బతిన్నా, బడికి వెళ్ళనని పొద్దున్నే కడుపునొప్పి అంటున్నా పిల్లల మానసిక నిపుణులకి చూపించండి. తొందరగా వెళితే తొందరగా తేలుతుంది.

చివరగా ఆ పెన్సిల్ గీతలు. వాటి అర్థం ఏమిటో నేను చెప్పలేను, మీరూ ఊహించకండి. ఆ సింహాలు అరవకూడదని గీశాడో, నాలాగే వీటికీ గొంతు రాదు అనుకున్నాడో వాడికే తెలుసు. చెరపకండి. పుస్తకం పాడుచేశావని అనకండి. మీ మీటింగు సంగతి చెప్పాక కొన్ని రోజులాగి, వాడు హుషారుగా ఉన్నప్పుడు ఒక పుస్తకం తెరిచి మధ్యలో పెట్టి, "ఈ సింహం ఏదో చెప్పాలనుకుంటున్నట్టుంది, ఏమిటంటావ్?" అని అడగండి. వాడు చెప్పకపోతే పేజీ తిప్పెయ్యండి. చెప్తే, మధ్యలో ఒక్క మాట కూడా కలపకుండా వినండి.

రెండు నెలలయ్యాక నాకు మళ్ళీ రాయండి. వాడి సంగతే కాదు, మీ మీటింగు సంగతి కూడా. ఈసారి మార్జిన్‌లో వద్దు, మొదటి పేజీలో రాయండి.